పద్నాలుగు డిగ్రీల నీళ్ళు

11 మార్చి 2006, అల్ ఐన్

ఈరోజు నుంచి నా ఉద్యోగం చేపలకు ఏసీ నడపడం. మా కార్మికులుండే ముసఫ్ఫా క్యాంపులో చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పకుండా బయల్దేరాను. కంపెనీ బస్సు డ్రైవర్ చెప్పేశాడట. నవ్వుతున్నారట.

ఖర్జూరపు తోట మధ్యలో పెద్ద రేకుల షెడ్డు. లోపల ఎనభై అడుగుల సిమెంటు కాలువ. ఒక చివర పంపు నీళ్ళు తోస్తుంటే అవి నదిలాగా పారి రెండో చివరకు పోతాయి, మళ్ళీ నీళ్ళను చల్లబరిచే చిల్లర్‌లోకి వస్తాయి. అందులో విమానంలో తెప్పించిన మూడు వందల ట్రౌట్ చేపలు. మంచు దేశాల చేపలు. నీళ్ళు పద్నాలుగు డిగ్రీలు దాటకూడదు. బయట ఎండాకాలం నలభై ఎనిమిది.

తోట యజమానికి డెబ్బై ఏళ్ళు. అందరూ అర్బాబ్ అంటారు, అంటే దొర. వయసులో ఉన్నప్పుడు అమెరికా పడమటి వైపు చదువుకున్నాడట. అక్కడొక పెద్ద నది. అప్పటినుంచి ప్రతి ఏడూ సీజనుకు వెళ్ళి, ఈకలు కట్టిన దొంగ ఈగను గాలానికి తగిలించి ట్రౌట్లు పట్టేవాడట. రెండేళ్ళ కింద గుండెకు ఆపరేషన్ జరిగింది. విమానం ఎక్కొద్దన్నారు డాక్టర్లు.

"నేను నది దగ్గరికి పోలేను. అందుకే నదినే రమ్మన్నాను," అన్నాడు హిందీలో. ఆయన హిందీ నా హిందీ కంటే నయం.

నన్ను ముహందిస్ అంటున్నాడు, అంటే ఇంజనీరు. నేను ఐటీఐ. చెబుదామనుకున్నాను గానీ, పెద్దమనిషి మాటకు అడ్డుపడటం బాగుండదని ఊరుకున్నాను.

కంపెనీ నన్నే ఎందుకు పంపిందో, ఆ కోల్డ్ స్టోర్ సంగతి, ఇక్కడ రాయను. టైమర్ తప్పు. అంతే.

14 మార్చి

రెండు పోయాయి.

15 మార్చి

మూడు. చిల్లర్ బాగుంది. నీళ్ళు పద్నాలుగే. మరి ఎందుకు?

19 మార్చి

ట్యాంకర్ నడిపే అమీర్ జాన్ పెషావర్ వైపు మనిషి. "ఉస్తాద్, పానీ చెక్ కరావో," అని నన్ను ఊళ్ళో ఉన్న నీళ్ళ పరీక్షల ల్యాబ్‌కు తీసుకెళ్ళాడు. కౌంటర్ వెనక ఉన్నామె నా కార్డు మీద పేరు చదివి, తెలుగులో అంది:

"ఆశన్న గారా? ఏ బావి నీళ్ళండీ?"

"బావి గాదు మేడం. చేపలయి."

"ఏం చేపలు?"

చెప్పాను. చిల్లర్ సంగతి కూడా చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"చేపలకి ఏసీ పెట్టారా?"

"అవ్ మేడం."

"మాది ఆకివీడండీ. మా ఊళ్ళో మనుషుల కంటే చేపలే ఎక్కువ. ఒక్కదానికీ ఏసీ లేదు," అని లోపలికి వెళ్ళింది. లోపల నవ్వు వినిపించింది. బయటికి వచ్చేటప్పటికి మొహం మామూలుగా పెట్టుకుంది.

నీళ్ళలో అమ్మోనియా ఎక్కువట. మేత ఎక్కువ వేస్తున్నానట. "బిడ్డలకి పెట్టినట్టు పెడుతున్నారు. సగం తగ్గించండి." ఆమె పేరు కృష్ణవేణి. బ్యాడ్జీ మీద ఉంది కాబట్టి తెలిసింది. నేను అడగలేదు.

26 మార్చి

వారంగా ఒక్కటీ పోలేదు. 291.

ఇక నుంచి వారానికి ఒకసారి పరీక్ష చేయించడం మంచిదని నిర్ణయించాను.

9 ఏప్రిల్

వారానికి రెండుసార్లు. నీళ్ళ విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు.

28 ఏప్రిల్

కిష్టవ్వ అక్క ఆర్మూరు నుంచి ఫోన్ చేసింది. నన్ను పెంచినంత పని చేసిన మనిషి కాబట్టి ఆమెకు హలో అనే అలవాటు లేదు.

"తమ్మీ, ముప్పై ఆరేండ్లు నిండినయి నీకు. ఫోటోలు పోస్టు చేసిన, చూసినవా?"

"పనున్నదక్కా. చేపలు..."

"చేపలకు ఆడ కూలరేసిండ్రట గదా. నీకు పెండ్లాం రాకపాయె గని వాటికి సల్లగాలి వచ్చె."

ఈ సంగతి ఆర్మూరు దాకా ఎట్లా పోయిందో! కవరు విప్పలేదు. తీరిక లేదు.

23 మే

కృష్ణవేణి ఈరోజు బాటిల్ తీసుకుంటూ, "ఆదివారం నీళ్ళకీ మంగళవారం నీళ్ళకీ తేడా ఏమైనా కనిపించిందాండీ మీకు?" అని అడిగింది.

"రంగు కొద్దిగా..." అన్నాను.

ఆమె బాటిల్ వెలుతురుకు ఎత్తి చూసింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"అవునండీ. చాలా తేడా," అంది.

11 జూన్

చేపలు నన్ను గుర్తుపడుతున్నాయి. పనికి వేసుకునే నీలం డంగ్రీలో గట్టు మీద నడిస్తే వెంట వస్తాయి. ఆగితే ఆగుతాయి. అమీర్ జాన్ అదే డంగ్రీ వేసుకుని వెళ్ళాడు. వాడి దగ్గరికీ పోయాయి. అంటే డంగ్రీని గుర్తుపడుతున్నాయి. ఈ సంగతి నాకు అంత నచ్చలేదు.

19 జూలై

ఈరోజు రాయలేను. నలభై ఒకటి.

21 జూలై

రాస్తాను. రాయకపోతే మళ్ళీ ఇంకో టైమర్ పుట్టుకొస్తుంది.

మొన్న పొద్దున చిల్లర్ వేడిని లాగే కండెన్సర్ కడగడానికి, దానికొచ్చే నీళ్ళ వాల్వ్ మూశాను. కడగడం అయింది. గడియారం చూస్తే పదకొండు. ల్యాబ్ ఒంటిగంటకు మూసేస్తారు. చిల్లర్ స్విచ్ నొక్కి, బాటిల్ పట్టుకుని అమీర్ జాన్ ట్యాంకర్ ఎక్కాను. వాల్వ్ తెరవలేదు.

ల్యాబ్‌లో పని పది నిమిషాలు. ఆ తర్వాత కృష్ణవేణి, "కింద కెఫెటీరియాలో టీ బాగుంటుందండీ," అంది. తాగాం. ఆ గంటన్నర గురించి రాయను.

తిరిగి వచ్చేసరికి రెండున్నర. చిల్లర్ ఎప్పుడో ట్రిప్ అయి ఆగిపోయింది. అలారం మోగుతూనే ఉంది. తోట పనివాళ్ళు మధ్యాహ్నపు విరామానికి దూరంగా గదులకు వెళ్ళారు, ఎవరికీ వినపడలేదు. నీళ్ళు ఇరవై ఒకటి. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. కొన్ని పక్కకు ఒరిగి తేలుతున్నాయి.

వాల్వ్ తెరిచి చిల్లర్ మళ్ళీ వేశాను. అది చల్లబరిచేసరికి సాయంత్రం అవుతుంది. అమీర్ జాన్ అడగకుండానే చేపల మార్కెట్‌కు ఐసు కోసం పరిగెత్తాడు. నేను కృష్ణవేణికి ఫోన్ చేశాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఆమె గొంతు మాత్రం గుర్తుంది.

"ఐసు తిన్నగా నీళ్ళలో వెయ్యకండి. దాన్లో క్లోరిన్ ఉంటది, అదే చంపేస్తది. ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి వదలండి. స్పేరు పంపుందా? నీళ్ళు పైకి చిమ్మించండి, గాలి కలవాలి. మేత వెయ్యకండి. వస్తున్నాను."

టాక్సీలో వచ్చింది. చెప్పులు గట్టు మీద వదిలి, చుడీదార్ మోకాళ్ళ దాకా మడిచి కాలువలో దిగింది. ముగ్గురం సంచులు వదులుతూ, చచ్చినవి తీస్తూ ఐదున్నర దాకా ఉన్నాం. పదహారుకు వచ్చింది. మిగిలినవి కిందికి దిగాయి.

అర్బాబ్ కారు వచ్చిన చప్పుడు వినగానే అమీర్ జాన్ నా చెవిలో అన్నాడు: "ఉస్తాద్, బోల్ దేనా, లైట్ చలా గయా థా." కరెంటు పోయిందని చెప్పెయ్యమన్నాడు. ఎంత తేలిక! నా నోట్లో అప్పటికే ఆ మాట తయారుగా ఉంది. నాకు ఇలాంటివి బాగా వస్తాయి.

అర్బాబ్ కర్ర ఊతంగా లోపలికి వచ్చి, గోనెపట్టా మీద వరుసగా పెట్టిన చేపల్ని చూశాడు. ఒక్కొక్కదాన్నీ చూశాడు. "ఏమైంది ముహందిస్?"

"వాల్వ్ మూసి తెరవడం మరిచిపోయాను," అన్నాను. "కరెంటు పోలేదు. మిషను తప్పు కాదు. నాదే. నేను ఇంజనీర్ని కూడా కాదు."

ఆ చివరి మాట ఎందుకన్నానో తెలియదు. ఎవరూ అడగలేదు.

కృష్ణవేణి వాచీ వైపు చూసుకుంటున్నట్టు నటించింది. అప్పుడు అర్బాబ్ అన్నాడు: "ఒక ఏడు మా నదిలో నీళ్ళు వేడెక్కి వేల చేపలు పోయాయి. తప్పు నాదని ఎవరూ వచ్చి చెప్పలేదు." కర్రతో వాల్వ్ వైపు చూపించి, "రేపటినుంచి వాల్వ్ మూస్తే దాన్ని తిప్పే తాళంచెవి నీ మెడలో వేసుకో. యల్లా, వీళ్ళకు చాయ్ పెట్టండి," అన్నాడు.

పనిలోంచి తీసెయ్యలేదు. ముహందిస్ అనడమూ మానలేదు.

కృష్ణవేణిని టాక్సీ ఎక్కిస్తుంటే అడిగింది: "ఆశన్న గారూ, ఈరోజు నీళ్ళు పరీక్ష చెయ్యాల్సిన అవసరం ఉందాండీ అసలు?"

"లేకుండె," అన్నాను.

"మరి?"

టాక్సీవాడు హారన్ కొట్టాడు. దేవుడి లాంటివాడు.

22 జూలై

కోల్డ్ స్టోర్ విషయం. మంచు కరిగించే డీఫ్రాస్ట్‌ను చేతి మీదికి మార్చి, మళ్ళీ ఆటోమేటిక్‌లో పెట్టడం మరిచిపోయాను, లోపలి సరుకంతా పాడైంది. టైమర్ బాగానే ఉండింది. పాపం ఏడాదిగా దాన్ని తిడుతున్నాను.

3 సెప్టెంబర్

250. ఎండలు తగ్గుముఖం. ఇప్పుడు వారానికి ఒక్క బాటిల్. శుక్రవారాలు మాత్రం ఆమే వచ్చి చేపల్ని చూసి పోతోంది. "పేషెంట్లని చూడ్డానికి," అంటుంది.

అక్క కవరు దొరకడం లేదు. ఎక్కడో పెట్టాను.

24 నవంబర్

సీజను మొదలు. చేపలు జానెడున్నర అయ్యాయి. పక్కన గులాబీ చార. అర్బాబ్ ఈకల డబ్బా తెరిచి చూపించాడు. చిన్న చిన్న గాలాలకు రకరకాల ఈకలు, దారాలు, తళుకులు. ఒక్కొక్కటీ పెళ్ళికొడుకులా ఉంది. సన్నటి గాలపు కర్ర. బరువంతా దారంలోనే ఉంటుందట. కుర్చీలో కూర్చుని ఆయన చెయ్యి వెనక్కి ముందుకు ఊపితే దారం గాలిలో మెలికలు తిరిగి, చివరన ఉన్న దొంగ ఈగ నీళ్ళ మీద శబ్దం లేకుండా వాలుతుంది. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ చెయ్యికి డెబ్బై ఏళ్ళు లేవు.

చేపలు మాత్రం చూడలేదు. రెండు వందల యాభై చేపలూ నా కాళ్ళ దగ్గర గుంపుకట్టి మేత కోసం చూస్తున్నాయి. నేను పక్కకు జరిగితే అవీ జరిగాయి. షెడ్డు బయట నిలబడ్డాను. తలుపు వైపు మొహం పెట్టి నిలబడ్డాయట.

8 డిసెంబర్

మూడో శుక్రవారం. ఒక్కటీ పట్టలేదు. అర్బాబ్ ఈరోజు అరగంటకే గాలపు కర్ర మడిచి పెట్టేశాడు. ఈకల డబ్బా మూసి కారెక్కాడు.

కృష్ణవేణి అంది: "వాటికి ఈగంటే ఏంటో ఎలా తెలుస్తదండీ? గుళికలు తిని పెరిగాయి. మా ఊళ్ళో అయితే ఆ గుళిక లాంటిదే గాలానికి కట్టేస్తారు."

9 డిసెంబర్

ఖర్జూరపు పీచును గుండ్రంగా చుట్టి గాలానికి కట్టాను. అచ్చం మేత గుళికే. నాకు కూడా ఈ పని వస్తుందని సంతోషపడి అర్బాబ్ చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ముహందిస్, అన్నం పెట్టే చేతిని నమ్మి వచ్చిన దాన్ని పట్టడం వేట కాదు. నదిలో చేప ఈగ కోసం తనే పైకి రావాలి. రాకపోతే, ఖలాస్, రాలేదు."

నాకు సిగ్గేసింది. ఎందుకంటే నిజంగా అవి నన్ను నమ్మాయి. నన్ను కాకపోతే డంగ్రీని.

15 డిసెంబర్

నిర్ణయించాం. చేపలకు పురుగులు తినడం నేర్పాలి. నది వాటికి నేర్పేది, ఇక్కడ నది మేమే కదా.

తోట చివర పశువుల గడ్డి మడిలో మిడతలు ఉన్నాయి. పొద్దున ఎనిమిదింటికి నేను, అమీర్ జాన్, కృష్ణవేణి మడిలో దిగాం. అమీర్ జాన్ తలపాగా విప్పి విసిరి పట్టాడు, ఒక్కసారికి నాలుగు. కృష్ణవేణి చున్నీ పరిచి నన్ను ఎదురుగా అదిలించమంది. నేను అదిలిస్తే మిడతలు అన్ని దిక్కులా పోయాయి గానీ చున్నీలోకి రాలేదు.

"నిజాంసాగర్ నీళ్ళు తాగిన మనిషికి మిడతని తోలడం రాదాండీ?"

"మా దిక్కు మిడతల్ని ఎవ్వలు దోలుతరు మేడం? అవే మమ్ముల దోల్తయి."

ఆమె నవ్వుతూ గడ్డిలో కూర్చుండిపోయింది. చేతిలో ఉన్న మిడత ఎగిరిపోయింది. పదకొండింటికి డబ్బా నిండింది. మేడం అనొద్దని చెప్పింది. ఏమనాలో చెప్పలేదు.

డంగ్రీ మానేశాను. తెల్ల చొక్కా వేసుకుని, ఎదురు చివర నుంచి మిడతలు ఒక్కొక్కటే నీళ్ళ మీద వదిలాను. ఎవరూ పట్టించుకోలేదు. మేత సగం చేశాను.

23 డిసెంబర్

ఒకటి తిన్నది. తిని ఉమ్మేసింది.

2 జనవరి 2007

పదిహేను, ఇరవై చేపలు పైకి వస్తున్నాయి. మిడత పడగానే నీళ్ళు బుడుంగుమంటాయి. ఆ శబ్దం వినడానికే ఇంకొకటి వేస్తాను. అమీర్ జాన్ తోటలో ఈగలు పట్టడంలో ఆరితేరాడు. పెషావర్‌లో ఈ ఉద్యోగం దొరకదని బాధపడుతున్నాడు.

26 జనవరి

పట్టాడు.

పొద్దున పది. షెడ్డులో నేను, కృష్ణవేణి, అమీర్ జాన్ గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నాం. అర్బాబ్ మూడుసార్లు విసిరాడు. నాలుగోసారి ఈగ వాలీవాలగానే నీళ్ళు పగిలాయి. గాలపు కర్ర విల్లులా వంగింది. ఆయన కుర్చీలోంచి లేచాడు. చేతికర్ర ఊతం లేకుండా! అమీర్ జాన్ పట్టుకోబోతే వద్దని మోచేత్తో తోశాడు. దారం ఇస్తూ, లాగుతూ, ఇస్తూ, ఐదు నిమిషాలు. నేను వలబుట్ట పట్టుకుని నీళ్ళలో దిగాను. అది కిలో ఉంటుంది. నాకు తెలిసిన చేపే, తోక చివర నొక్కు ఉన్నది. జూలైలో పక్కకు ఒరిగి బతికింది.

ఆయన చేతులు నీళ్ళలో తడుపుకుని, రెండు అరచేతుల్లో దాన్ని ఆనించి, ఒక్క క్షణం చూసి, గాలం తీశాడు. ఇక కోస్తారని నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. తిప్పేసరికి నీళ్ళలో బుడుంగుమంది. వదిలేశాడు.

"వదిలేసిండేంది!" అన్నాను పైకే.

"పదినెలలు మనం కాపలా కాసింది పట్టుకుని వదలడానికాండీ?" అంది కృష్ణవేణి. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

అర్బాబ్ కుర్చీలో కూర్చుని, ఆయాసపడుతూ, అరబ్బీలో ఏదో అన్నాడు. మాకు అర్థం కాలేదు. మాతో అన్నది కాదు.

2 మార్చి

ఇప్పటికి ముప్పై రెండు పట్టాడు, ముప్పై రెండూ వదిలాడు. కొన్నింటిని రెండేసిసార్లు. "ఆ నొక్కుతోకదానికి గాలమంటే ఇష్టమొచ్చింది," అంటుంది కృష్ణవేణి.

16 మార్చి

రెండు వార్తలు.

ఒకటి. డాక్టర్లు అర్బాబ్‌ను విమానం ఎక్కవచ్చన్నారు. గుండె బాగుపడిందట. రోజూ చెయ్యి ఊపడం, లేచి నిలబడటం మంచి చేశాయట. ఈ ఎండాకాలం ఆయన తన నది దగ్గరికే పోతాడు. "ముహందిస్, ఇంకో ఎండాకాలం వీటిని కాపాడొద్దు. ఎండలు ముదరకముందే తీసి, తోటవాళ్ళకూ చుట్టుపక్కలా పంచెయ్. తినే చేపలు, వృథా కాకూడదు." ఆయన సంతోషం చూస్తే ఏమనగలం? మంచిది అన్నాను.

రెండు. కృష్ణవేణి కాంట్రాక్టు ఏప్రిల్ ఇరవైతో అయిపోతోంది. పొడిగించుకోవడం లేదు. ఆకివీడులో చెరువుల నీళ్ళు పరీక్షించే సొంత ల్యాబ్ పెడుతుందట. బాటిల్ మూత బిగిస్తూ, నా వైపు చూడకుండా అంది: "మా వైపు చెరువుల్లో గాలి కలిపే మిషన్లు పాడైతే బాగుచేసే మనిషి లేడండీ. భీమవరం నుంచి రావాలి. ఎవరైనా తెలిస్తే చెప్పండి."

"అడిగి చూస్త," అన్నాను.

ఎవరిని అడుగుతాను? నేనొక గాడిదను.

18 మార్చి

అక్క కవరు దొరికింది. డంగ్రీ జేబులోనే ఉంది ఇన్నాళ్ళూ. ఎన్నిసార్లు ఉతికానో దాన్ని. ఫోటోల్లో ఇప్పుడు ఎవరూ లేరు.

అక్కకు చెప్పాను. "ఏం బుగులుపడకు తమ్మీ, మల్ల పంపుత," అంది.

"వద్దక్కా."

"ఎందుకు?"

"నీళ్ళ పరీక్షలున్నయి," అన్నాను. "ఆమె పేరేంది?" అని అడిగింది అక్క.

5 ఏప్రిల్

రెండు రోజులుగా వలతో తీస్తున్నాం. అమీర్ జాన్ ట్యాంకర్‌లో కాదు, పికప్‌లో ఐసు పెట్టెలతో తోటలన్నీ తిరిగి పంచాడు. సాయంత్రం నాలుగింటికి కాలువ ఖాళీ అయింది. చిల్లర్ నేనే ఆపాను. పదమూడు నెలల తర్వాత షెడ్డులో నా అడుగుల చప్పుడు నాకు వినిపించింది. లెక్క రాయడం లేదు.

6 ఏప్రిల్, శుక్రవారం

చివరి నాలుగు చేపలతో కృష్ణవేణి పులుసు పెడతానంది. చింతపండు, బెండకాయ, మెంతులు తనే తెచ్చింది. తోట వంటగది ముందు వరండాలో చాప పరిచి కూర్చున్నాం. అర్బాబ్ కూడా కింద కూర్చుంటానని పట్టుబట్టాడు.

అర్బాబ్ ఒక ముద్ద తిని కళ్ళల్లో నీళ్ళు తుడుచుకున్నాడు. కారం. "ముంతాజ్," అంటే బ్రహ్మాండమని మెచ్చుకుని, ఇంకో ముక్క వేయించుకున్నాడు. అమీర్ జాన్, "బహుత్ బఢియా బెహన్‌జీ," అని మూడోది వేయించుకున్నాడు.

నేను ముద్ద కలిపి పెట్టుకుని కూర్చున్నాను. ముక్కల్లో తోక నొక్కు ఉన్నది ఉందేమోనని వెతుకుతున్నాను. లేదు. ఉన్నా గుర్తుపట్టగలిగేవాడిని కాదేమో. తిన్నాను. మెల్లగా నమిలాను. 

కృష్ణవేణి గరిటె పట్టుకుని నా మొహమే చూస్తోంది. "ఎలా ఉందండీ?"

బాగుందనే మాట నాలుక చివర ఉంది. ముందు ఇద్దరూ అన్నదే.

"ఉప్పు తక్కువైంది," అన్నాను.

అమీర్ జాన్‌కు తెలుగు రాకపోయినా తినడం ఆపాడు.

"వాళ్ళిద్దరూ బాగుందన్నారు కదండీ?"

"వాళ్ళు మర్యాదస్తులు. ఉప్పు మాత్రం తక్కువనే ఉన్నది. ఇంకోటి చెప్తా. గాలి మిషన్ల పనికి మనిషి దొరికిండు. నేనే. నీళ్ళ పరీక్షకని వచ్చుడు కాదు, ఆ ఆదివారాలూ మంగళవారాలూ నిన్ను చూడనీకె వచ్చిన. మీ ఊరికి వస్త. నువ్వు రమ్మంటే."

మీరు అనడం మరిచిపోయానని అన్నాక గానీ తెలియలేదు.

ఆమె గరిటె పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. అర్బాబ్ నన్ను చూసి, "క్యా బోలా ముహందిస్?" అని అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వుతూ గడ్డం నిమురుకున్నాడు.

కృష్ణవేణి ఉప్పు డబ్బా పట్టుకుని బయటికి వచ్చింది. మొహం ఎర్రగా ఉంది. నా పళ్ళెంలో వేసింది, తన చేత్తోనే కలిపింది. "ఇప్పుడు చూడు," అంది. 'అండీ' లేదు.

తిన్నాను. ఎక్కువైంది.

అదీ చెప్పాను.